మూస అనే నింద

మన సాహిత్య విమర్శలో వాడి వాడి అరగదీసిన మాట ఒకటుంది. అది 'మూస'. కూలివాడి మీద కథ వస్తే మూస కథ అంటారు. భూమి మీద కవిత వస్తే మూస కవిత అంటారు. సమ్మెతో ముగిసే నవలను చదవకుండానే మూస నవల అని తేల్చేవారూ ఉన్నారు. అభ్యుదయ సాహిత్యం గిట్టనివారికి ఈ మాట ఆయుధంగా పనికొస్తున్నది. మనవాళ్లకు అదే మాట భయంగా మారింది. ఆ భయంతో కొందరు యువ రచయితలు వస్తువునే వదిలేస్తున్నారు. మరికొందరు ఆ నిందను బొత్తిగా లెక్కచేయకుండా నిన్న రాసిందే ఇవాళా రాస్తున్నారు. పైకి ఎదురెదురుగా కనిపించే ఈ రెండు ధోరణులకూ మూలం ఒకటే. మూస అంటే ఏమిటో, అందులో దోషం ఎక్కడుందో మనం తేల్చుకోలేదు.

ముందు ఈ మాట పుట్టిన చోటు చూద్దాం. మూస కంసాలి పనిముట్టు. లోహాన్ని కరిగించడానికీ పోతపోయడానికీ అది కావాలి. ఇంగ్లీషు విమర్శ నుంచి మనం తెచ్చుకున్న 'స్టీరియోటైప్' అచ్చాఫీసు మాట. పేర్చిన అక్షరాల నుంచి మూస తీసి, అందులో లోహం పోసి తయారుచేసే గట్టి పలకకు 18వ శతాబ్దం చివర ఫ్రాన్సులో ఆ పేరు స్థిరపడింది. 'క్లిషే' కూడా అటువంటి పలకకు ఫ్రెంచి అచ్చుపనివాళ్లు పెట్టుకున్న పేరే. అక్షరాలను ప్రతిసారీ కొత్తగా పేర్చే పని తప్పించి, పుస్తకాన్ని వేల ప్రతుల్లో మామూలు మనిషి చేతికి అందించిన పనిముట్లు ఇవి. వాటి పేర్లను తిట్లుగా మార్చింది పనివాళ్లు కాదు, ఒంటి ప్రతికే విలువకట్టే అభిరుచి. తెలుగు నుడి మాత్రం ఇంకా రెండు వైపులా తూగుతున్నది. బిడ్డ తండ్రి పోలికతో ఉంటే అచ్చుగుద్దినట్టు ఉన్నాడని మురిసిపోతాం. కవిత మరో కవితలా ఉంటే మూసపోసినట్టు ఉందని విసుక్కుంటాం.

నేను చిత్రకళ చదివినవాణ్ని. స్టెన్సిలుతో ఉబ్బెత్తు అచ్చు తీయడం నేర్చుకున్నవాణ్ని. మూస గురించి ఆ పనిబల్ల దగ్గర అర్థమైనదాన్ని సాహిత్య మిత్రుల ముందు పెట్టడమే ఈ వ్యాసం ఉద్దేశం.

1

నేను ఈ పని నేర్చుకున్నది చాదర్‌ఘాట్‌లో ఒక చిన్న గదిలో. నాంపల్లి నుంచి ఆబిడ్స్, కోఠీ మీదుగా నడిచి వెళ్లేవాణ్ని. మూసీ నీళ్లు కట్ట మీది నుంచి చాదర్ పరిచినట్టు జారేవి కాబట్టి ఆ పేటకు ఆ పేరు వచ్చిందంటారు. పని నేర్పిన పెద్దాయన శుభలేఖలు, కరపత్రాలు అచ్చువేసి బతికినవాడు. అందరూ ఉస్తాద్ అనేవారు. తాను చిత్రకారుణ్నని ఆయన ఎన్నడూ చెప్పుకోలేదు.

ఉబ్బెత్తు అచ్చు సూత్రం తేలికే. లినోలియం పలక మీద తెల్లగా ఉండవలసిన మేర ఉలితో తవ్వేస్తాం. మిగిలిన ఎత్తు మీద రోలరుతో సిరా పూసి, కాగితం పరిచి, చెంచా వీపుతో రుద్దుతాం. అచ్చుయంత్రం లేకపోయినా పని నడుస్తుంది. కాని ఒకసారి తవ్విన గాడి మళ్లీ పూడదు. అక్షరాన్ని అద్దంలో కనిపించేటట్టు తిరగేసి చెక్కాలి.

స్టెన్సిలు ఈ పనికి మరో మెట్టు చేరుస్తుంది. సిరా పూసిన పలకకూ కాగితానికీ మధ్య కత్తిరించిన పలచని కాగితాన్ని ఉంచితే, అది కప్పిన మేర సిరా అంటదు. అదొక పద్ధతి. రెండో పద్ధతిలో స్టెన్సిలును పలక మీదే పరిచి, దాని కంతల్లోంచి మరో రంగు పూసి, స్టెన్సిలు తీసేసి అచ్చు తీస్తాం. ఈ రెండు పద్ధతుల్లోనూ పలకను మళ్లీ తవ్వనక్కరలేదు. ఒకే పలక మీంచి మనిషి ఉన్న వీధినీ తీయవచ్చు, మనిషి లేని వీధినీ తీయవచ్చు.

దేనితో స్టెన్సిలు కోయాలన్నది చిన్న సంగతిలా కనిపిస్తుంది. కాని పనంతా దాని మీదే ఆధారపడుతుంది. న్యూస్‌ప్రింటు కాగితం పలచన, అంచు చక్కగా పడుతుంది. అయితే కొన్ని ప్రతులకే సిరా పీల్చి ఉబ్బి చిరుగుతుంది. ఉస్తాద్ పాత ఎక్స్‌రే ఫిల్ములు తూకానికి కొనేవాడు. బ్లీచింగ్ నీళ్లలో నానబెట్టి కడిగితే మసి వదిలి పారదర్శకంగా అవుతాయి. సరిగా వదలని చోట ఎవరివో పక్కటెముకలు లీలగా కనిపించేవి. ఫిల్ము వందల ప్రతులకు ఆగుతుంది. అయితే అది మందం. ఆ మందం వల్ల కాగితం అంచు దగ్గర పలకను తాకదు, బొమ్మ చుట్టూ సన్నని తెల్లగీత మిగులుతుంది. చక్కని అంచు కావాలా, ఎక్కువ ప్రతులు కావాలా అన్నది ముందే తేల్చుకోవాలి. రెండూ ఒకేసారి దొరకవు.

శిల్పం గురించి మన వ్యాసాల్లో జరిగే చర్చకు ఈ లెక్క కొత్తదేమీ కాదు. ఊరేగింపులో పాడే పాటకూ ఒంటరిగా చదువుకునే కవితకూ ఒకే కొలత పెట్టరాదని మనం చెబుతూనే ఉన్నాం. ఫిల్ముతో తీసిన అచ్చులో ఆ తెల్లగీతను చూసి ఇది మోటుపని అనే విమర్శకుడు, అది ఎన్ని చేతులకు చేరడానికి తయారైందో అడగలేదన్నమాట.

2

స్టెన్సిలు పనిలో అసలు కష్టం అక్షరం దగ్గర వస్తుంది. ఇంగ్లీషులో ఓ, ఏ, డి, పి వంటి కొన్ని అక్షరాల్లోనే కడుపులు మూసుకుని ఉంటాయి. మన లిపి గుండ్రనిది. 'ర' ఉంది, 'ఠ' ఉంది, అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే సున్న ఉంది. 'అన్నం' అని కోయాలనుకోండి. సున్న గీత చుట్టూ కత్తి తిప్పగానే లోపలి ముక్క రాలిపోతుంది. అచ్చులో సున్న ఉండదు, గుండ్రని మచ్చ ఉంటుంది. లోపలి ముక్క నిలవాలంటే గీతను అక్కడక్కడ తెంపి, సన్నని కాగితపు పట్టీలను వదలాలి. ఉస్తాద్ ఆ పట్టీని 'పుల్' అనేవాడు. వంతెన అని అర్థం. "పుల్ ఎక్కడ పెట్టాలో ముందు చూసుకో, తర్వాతే కత్తి పట్టు" అనేది ఆయన చెప్పిన మొదటి పాఠం.

వంతెన అక్షరంలో భాగం కాదు. అది అచ్చులో ఖాళీగా కనిపిస్తుంది. కాని అది లేకపోతే అక్షరం లేదు. కత్తికి సులువైన చోట వంతెన వదిలితే 'ర' విరిగినట్టు కనిపిస్తుంది. కంటి నడక ఆగే చోట, గీత మలుపు దగ్గర వదిలితే చదివేవాడు దాన్ని గమనించడు, లేదా అక్షరపు అందంలో భాగంగా స్వీకరిస్తాడు. జపాను బట్టల అచ్చుపనిలో 'కతగామి' అనే స్టెన్సిళ్లున్నాయి. వాటిలో తేలిపోయే ముక్కలను నిలపడానికి సన్నని పట్టుదారాలు వాడేవారు. దారం అంత సన్నం కాబట్టి బట్ట మీద దాని జాడ పడదు. కనిపించే వంతెన ఒక సంప్రదాయం, కనిపించని వంతెన మరో సంప్రదాయం. ఒకటి గొప్పది, మరొకటి తక్కువది అనడానికి ఆధారం లేదు.

దీన్ని మన కథలకు అన్వయించి చూడండి. ప్రజానాట్యమండలి 1940లలో బుర్రకథను చేతిలోకి తీసుకున్నప్పుడు అది తయారుగా ఉన్న చట్రమే. కథకుడు, హాస్యం చెప్పే వంత, రాజకీయం చెప్పే వంత, మధ్యమధ్య వంతపాట. ఆ వంతపాట కనిపించే వంతెన. ఒక ఘట్టం నుంచి మరో ఘట్టానికి కథ దాటేది దాని మీదే. షేక్ నాజర్ వంటి కళాకారుడి చేతిలో అదే చట్రం జనాన్ని తెల్లవార్లూ కూర్చోబెట్టింది. దాన్ని మూస అన్నవారు లేకపోలేదు. కాని ఆ చట్రంలో వంతెనలు ఎక్కడ ఉండాలో తరతరాల ప్రదర్శన తేల్చింది. అందుకే బరువు మోసింది.

మన కథల్లో చాలావాటిలో కనిపించే దోషం చట్రం ఉండటం కాదు, వంతెన తప్పు చోట పడటం. మూడు పేజీలు కూలివాడుగా బతికిన పాత్ర నాలుగో పేజీలో హఠాత్తుగా ఉపన్యాసం మొదలుపెడుతుంది. ఆ ఉపన్యాసం రచయితకు సులువైన చోట వదిలిన పట్టీ. అక్కడ పాత్ర విరుగుతుంది. ఆ పాత్ర నోట రాజకీయం రాకూడదని దీనర్థం కాదు. ఏ మలుపులో వస్తుందో ముందే చూసుకోవాలని అర్థం.

3

స్టెన్సిలు మన రచయితలకు కొత్త కాదు. సైక్లోస్టైల్ యంత్రం ఉన్న రోజుల్లో మైనపు స్టెన్సిలు కాగితం ఎరగని సంఘ కార్యకర్త ఉండడు. టైపుమిషను రిబ్బను పక్కకు తప్పించి, అక్షరం మైనాన్ని కోసేటట్టు కొట్టేవారు. గట్టిగా కొడితే ఇంగ్లీషు 'ఓ' కడుపు రాలిపోయేది. తెలుగులో చాలాసార్లు మొనదేలిన కలంతో చేతిరాతనే స్టెన్సిలు మీద గీసేవారు. పత్రికలు అచ్చువేయని కవితలు, ప్రెస్సులు భయపడిన ప్రకటనలు ఆ కంతల్లోంచే బయటికొచ్చాయి. ఇళ్లలో చూస్తే ముగ్గుపిండి చల్లే కంతల పళ్లెం స్టెన్సిలే. జర్దోసీ పనివాళ్ల ఖాకా స్టెన్సిలే. సూదితో కాగితాన్ని పొడిచి, కిరోసిన్‌లో కలిపిన తెల్లపొడి పులిమి, డిజైనును బట్ట మీదికి దించుతారు. పెడన కలంకారీ అచ్చులు ఉబ్బెత్తు పనికి చెక్కరూపం. గీతకు ఒక అచ్చు, లోపలి రంగుకు మరో అచ్చు, అన్నీ ఒకే చోట పడాలి. ఇన్నిటి మధ్య బతుకుతూ మూస అన్న మాటను తిట్టుగానే ఎరగడం మన విమర్శ లోపం.

చైనా అనుభవం ఇక్కడ గుర్తుచేసుకోదగ్గది. 1931 ఆగస్టులో షాంఘైలో లూసున్ 13 మంది యువ చిత్రకారులకు ఆరు రోజులపాటు చెక్క అచ్చు తరగతి పెట్టించాడు. పాఠం చెప్పినవాడు జపాను దేశీయుడు ఉచియామా కకిచి. దుబాసీగా నిలబడ్డవాడు లూసునే. రచయితగా అంత పేరున్న మనిషి ఉలి పట్టే పద్ధతిని వాక్యం వాక్యం అనువదిస్తూ కూర్చున్నాడు. అదే ఏడాది ఫిబ్రవరిలో యువ రచయిత రౌషీని ప్రభుత్వం కాల్చిచంపింది. లూసున్ అతనికి నివాళిగా ఒక పత్రికలో కేథే కోల్విట్జ్ చెక్క అచ్చు 'త్యాగం' వేయించాడు. పసిబిడ్డను చేతులెత్తి అర్పిస్తున్న తల్లి బొమ్మ అది. 1914లో యుద్ధంలో కొడుకును పోగొట్టుకున్న కోల్విట్జ్ ఆ తర్వాతి ఏళ్లలో దాన్ని చెక్కింది. ఒక జర్మన్ తల్లి దుఃఖం ఒక చైనా రచయితకు నివాళి కాగలిగింది. బొమ్మ మారలేదు, గీత మారలేదు. ప్రతి అయినందువల్లనే అది ప్రయాణం చేసింది. చేరిన చోట కొత్త అర్థం తెచ్చుకుంది.

మన దేశంలో చిత్తప్రసాద్ లినో పలకను ఎంచుకున్నాడు. 1950ల తొలినాళ్లలో బాలకార్మికుల మీద అతను చెక్కిన అచ్చుల వరుసను చూస్తే చవక పనిముట్టు చవకబారు కళను పుట్టిస్తుందన్న వాదన నిలవదు. సోమనాథ్ హోర్ 1946లో తెభాగా రైతుల మధ్య తిరిగి దినచర్యా బొమ్మలూ వేశాడు, తర్వాత వాటి మీంచి చెక్క అచ్చులూ తీశాడు. అదే హోర్ 1970లలో 'గాయాలు' అనే వరుస చేశాడు. మెత్తని పలకను కోసి, పొడిచి, దాని మీంచి సిమెంటు మూస తీసి, ఆ మూసలో కాగితపు గుజ్జు అదిమాడు. సిరా లేదు, రంగు లేదు. తెల్లని కాగితం మీద తెల్లని గాయం. అక్షరాలా మూసపోసిన పని అది. అందులో మూసతనం ఉందని ఎవరూ అనలేరు.

మరో సంగతి కూడా చెప్పుకోవాలి. నేటి గ్యాలరీలో అచ్చు కింద పెన్సిలుతో 3/25 అని రాస్తారు. 25 ప్రతులు తీశాక పలకను గీరి పాడుచేసే ఆచారమూ ఉంది. అచ్చు చిత్రకారుడికి బతుకుతెరువు కావాలి కాబట్టి దాన్ని తేలిగ్గా తీసిపారేయను. కాని అందులోని వైరుధ్యాన్ని చూడాలి. ఎన్ని ప్రతులైనా ఇవ్వగల పనిముట్టును పట్టుకుని, సరుకు విలువ కోసం కొరతను తయారుచేస్తున్నాం. మూసను తిట్టే అభిరుచికీ పలకను గీరే ఆచారానికీ చుట్టరికం ఉంది. రెండూ 'ఒక్కటే' అన్నదాన్ని గొప్పతనంగా లెక్కిస్తాయి.

4

అయితే మూసలో దోషమే లేదా? ఉంది. దాన్ని స్పష్టంగా చెప్పాలి.

స్టెన్సిలు అరుగుతుంది. అంచులు ఉబ్బుతాయి, కంతలు సిరాతో పూడుకుంటాయి. కొత్తది కోయక తప్పదు. అప్పుడు దేన్ని చూసి కోస్తామన్నదే ప్రశ్న. మొదటి బొమ్మను మళ్లీ ముందు పెట్టుకుని కోయవచ్చు. లేదా చేతికి దగ్గరగా ఉన్న అచ్చుప్రతి మీద కాగితం పరిచి, దాని అంచు వెంట కోయవచ్చు. రెండోది తేలిక. కాని అచ్చుప్రతిలో సిరా గీత దాటి కొంత పారి ఉంటుంది. ఆ పారినదాన్ని కలుపుకుని కోస్తాం. దానితో తీసిన అచ్చులో సిరా మరికొంత పారుతుంది. మూడో తరానికి వేళ్లు కలిసిపోయి చెయ్యి మొద్దవుతుంది. నాలుగో తరానికి ముఖంలో కన్ను పూడుకుపోతుంది. ఎక్కడా ఎవరూ అజాగ్రత్తగా పనిచేయలేదు. ప్రతివాడూ ముందున్నదాన్ని నమ్మకంగానే అనుసరించాడు. అయినా మనిషి పోయాడు.

మూసతనం అంటే ఇదీ. మూస వాడటం దోషం కాదు, అచ్చు మీంచి అచ్చు తీయడం దోషం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 2024 సెప్టెంబరులో మూసీ వెంట ఇళ్ల గోడల మీద అధికారులు ఎర్రరంగుతో 'ఆర్‌బి–ఎక్స్' అని గుర్తులు వేశారు. నదీగర్భంలో ఉన్న ఇళ్లని వాటి అర్థం. చాదర్‌ఘాట్ దగ్గరి మూసానగర్, శంకర్‌నగర్ బస్తీల్లో ఆ గుర్తు పడిన ఇళ్లు కొన్ని ఆ తర్వాతి వారాల్లో కూలాయి. కొన్ని కుటుంబాలను డబుల్ బెడ్‌రూం ఇళ్లకు తరలించారు. తెలుగూ ఉర్దూ మాట్లాడే ఇళ్ల మీద మూడు ఇంగ్లీషు అక్షరాలు. ప్రభుత్వానికీ తన మూస ఉంటుంది. కుట్టుమిషను పెట్టుకున్న ఇల్లయినా, బండి మీద పళ్లు అమ్మే మనిషి ఇల్లయినా దానికి ఒకే గుర్తు.

ఇటువంటి సంఘటన మీద కవి ఏం రాస్తాడు? సాధారణంగా నది తల్లి అవుతుంది, కన్నీరు పెడుతుంది. ఇల్లు గూడవుతుంది, మనిషి రెక్కలు విరిగిన పక్షి అవుతాడు. యంత్రం రాక్షసుడవుతుంది. ఈ పోలికలను మొదట వాడినవాడు ఏదో ఒక నదినీ ఏదో ఒక ఇంటినీ చూసి తీసి ఉంటాడు. తర్వాతివాళ్లు ఆ కవితను చూసి తీశారు. ఆ తర్వాతివాళ్లు వీళ్లను చూసి తీశారు. ఇప్పుడు ఆ పక్షిలో చాదర్‌ఘాట్ మనిషి ఆనవాలు లేదు. ఏ ఊళ్లో ఏ ఇల్లు కూలినా అదే పక్షి ఎగిరిపోతుంది. అన్ని ఇళ్లకూ ఒకే గుర్తు వేసిన అధికారికీ అన్ని ఇళ్లకూ ఒకే పోలిక వేసిన కవికీ ఉద్దేశంలో పోలిక లేదు, నిజమే. కాని మనిషిని మనిషిగా చూడకపోవడంలో ఫలితం ఒకటే. మన కోపం నిజమైనది కాబట్టి మన కవితా నిజమైనదే అనుకోవడం చెల్లదు.

దీనికి విరుగుడు మూసను వదలడం కాదని చెప్పడానికి నేను చేసిన ఒక అచ్చు వరుసను పేర్కొంటాను. ఆ బస్తీలోని ఒక సందును లినో పలక మీద ఒకేసారి చెక్కాను. సందు మొదట్లో నిలబడి, ప్రతి ఇంటి ఆకారాన్నీ అక్కడికక్కడే గీసి, విడివిడిగా స్టెన్సిళ్లు కోశాను. మొదటి ప్రతిలో ఇళ్లన్నీ ఉంటాయి. రెండో ప్రతికి ఒక ఇంటిని స్టెన్సిలుతో కప్పాను. మూడోదానికి రెండు ఇళ్లను. అలా పదో ప్రతికి మిగిలింది నడిచే దారీ కరెంటు స్తంభమూ. పలక ఒకటే, సిరా ఒకటే, చెంచా ఒకటే. ఆ పునరుక్తే విషయాన్ని చెబుతుంది. ప్రతిసారీ కొత్త బొమ్మ వేసి ఉంటే ఏ ఇల్లు పోయిందో చూసేవాడికి తెలిసేది కాదు. పక్క ప్రతితో పోల్చుకునే వీలు మూస వల్లే వచ్చింది. అయితే ఆ స్టెన్సిళ్లు మరొకరి బొమ్మ మీంచి తీసి ఉంటే ఇళ్లకు బదులు పెట్టెలు వచ్చేవి. రేకుల కప్పు ఒకవైపు వాలిన ఇల్లు, గుమ్మం ముందు నీళ్ల డ్రమ్ము ఉన్న ఇల్లు, మెట్లు బయటికొచ్చిన ఇల్లు, ఈ తేడాలు సందులో నిలబడితేనే దొరుకుతాయి.

5

కనుక విమర్శకులకు ఒక మనవి. ఒక రచనను మూస అని కొట్టేసే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ రచన ఎన్ని చేతులకు చేరడానికి, ఏ ఉపరితలం మీద పడడానికి తయారైంది? ఇందులో వంతెనలు ఎక్కడున్నాయి, అవి బరువు మోస్తున్నాయా, లేక సులువైన చోట పడ్డాయా? రచయిత దీన్ని దేని మీంచి తీశాడు, మనిషి మీంచా, మరో రచన మీంచా? మొదటి రెండూ శిల్పానికి సంబంధించినవి. మూడోది నిబద్ధతకు సంబంధించినది. మూడో ప్రశ్నకు జవాబు చెప్పకుండా మూస అనడం విమర్శ కాదు, ఒట్టి ఈసడింపు.

యువ రచయితలకు చెప్పవలసింది కూడా ఇదే. కార్మికుడి మీద, రైతు మీద, బస్తీ మీద వేయి కథలు వచ్చాయని వెయ్యిన్నొకటోది మానుకోనక్కరలేదు. ఆ వేయి కథలను చదవండి, పనితనం నేర్చుకోండి, చట్రం పనికొస్తే నిస్సంకోచంగా తీసుకోండి. గీత మాత్రం వాటి మీంచి తీయకండి. అరిగిన స్టెన్సిలును పారేయడానికి సిగ్గుపడనక్కరలేదు. కొత్తది కోయాలంటే మళ్లీ సందులోకి వెళ్లాలి, నిలబడాలి, చూడాలి. ఇందులో దగ్గరిదారి లేదు.